ఏ బేస్ కొనాలి, ఏ పెడల్ కొనాలి, సింథ్ అవసరమా: బేస్ వాయించేవాళ్ల అపోహలు, వాస్తవాలు

కొత్తగా బేస్ గిటార్ పట్టినవాళ్లు ఫోన్ చేసి అడిగే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్నా, ఏది కొనమంటావు?" మోడల్ పేరు చెప్పే ముందు నేను మూడు సంగతులు అడుగుతాను. ఎక్కడ వాయిస్తావు? నీ పక్కన ఎవరు వాయిస్తారు? వినేవాళ్లు దేంట్లో వింటారు? చర్చిలో ఆదివారం వాయించేవాడికీ, పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయించేవాడికీ, గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కవర్లు రికార్డు చేసుకునేవాడికీ ఒకే జాబితా పనికిరాదు. వారాంతాల్లో స్టేజీ మీద బేస్ వాయిస్తూ, మిగతా రోజుల్లో తెలిసినవాళ్ల గిటార్లు సెటప్ చేసి పెడుతూ నేను పదే పదే వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఫోన్‌లో నా బేస్ వినబడటం లేదు, అంటే వాయిద్యం బాగాలేదు. లేదా బేస్ నాబ్ ఇంకా పెంచాలి.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు దండగ చేయించేది ఇదే. నాలుగు తీగల బేస్‌లో అడుగు తీగ ఇ. దాని మూల స్వరం 41.2 హెర్ట్జ్. ఫోన్‌లోని చిన్న స్పీకర్ రెండు మూడు వందల హెర్ట్జ్ కింద పెద్దగా ఏమీ పలకదు. మరి మంచి రికార్డింగుల్లో బేస్ ఫోన్‌లో కూడా ఎలా తెలుస్తోంది? తీగ మీటినప్పుడు 41 ఒక్కటే పుట్టదు. 82, 123, 164, ఇలా పైకి వరుసగా దాని గుణిజాలు కూడా మోగుతాయి. ఆ పై స్వరాలు వినబడితే చాలు, లేని మూల స్వరాన్ని మన చెవీ మెదడూ కలిసి పూరించుకుంటాయి. కాబట్టి చిన్న స్పీకర్‌లో బేస్ వినబడాలంటే అడుగు పెంచి లాభం లేదు, పైనున్న గుణిజాలు పెరగాలి. బేస్ నాబ్ తిప్పేస్తే ఆ స్పీకర్ పలకలేని చోటే శక్తి అంతా పోతుంది, లెవెల్ మీటర్ మాత్రం ఎర్రబడుతుంది.

చేయాల్సింది తేలికే. బేస్ నాబ్ మధ్యలో ఉంచి, మిడ్స్ (మధ్య స్వరాలు) 700-800 హెర్ట్జ్ దగ్గర కాస్త ఎత్తండి. ఆ పైన కొద్దిగా ఓవర్‌డ్రైవ్, అంటే శబ్దాన్ని గరుకు చేసే ఎఫెక్ట్, కలపండి. విడిగా వింటే గరగరమంటుంది, పాటలో కలిస్తే ఆ గరుకు ఎవరికీ తెలియదు, స్వరం మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. నన్నడిగితే బేస్ ఆటగాడు కొనాల్సిన మొదటి పెడల్ (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టె) ఈ పని చేసే ప్రీయాంప్ డీఐ, అంటే బేస్ శబ్దాన్ని దిద్ది నేరుగా మిక్సర్‌కి పంపే పెట్టె. టెక్ 21 వాళ్ల శాన్స్‌యాంప్ బేస్ డ్రైవర్ దీనికి పేరుపడ్డ పెట్టె. బెరింగర్ బీడీఐ21 అదే బాటలో వచ్చిన చవక పెట్టె. ప్లాస్టిక్ ఒళ్లు కదా అని చిన్నచూపు వద్దు, కాలితో గట్టిగా తన్నకపోతే చాలాకాలం వస్తుంది. ఈ రెండిట్లోనూ అసలు శబ్దాన్నీ, గరుకు శబ్దాన్నీ కావలసిన పాళ్లలో కలుపుకునే బ్లెండ్ నాబ్ ఉంటుంది. వెనక నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ నేరుగా మిక్సర్‌కి వెళ్తుంది. స్టేజీ మీద యాంప్ లేకపోయినా ఆ రోజు గడిచిపోతుంది.

అపోహ: ఖరీదైన బేస్ కొంటే శబ్దం దానంతట అదే బాగుపడుతుంది.

1960ల్లో డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో వాయించిన జేమ్స్ జేమర్సన్‌ని చూడండి. ఆయన చేతిలో ఉన్నది 1962 నాటి ఫెండర్ ప్రిసిషన్. తీగలు ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు నున్నగా ఉండేవి), అవి తెగితే తప్ప మార్చేవాడు కాదని పేరు. కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. మోటౌన్ రికార్డింగుల్లో బేస్ ఎక్కువగా నేరుగా మిక్సింగ్ కన్సోల్‌లోకే వెళ్లేది. ఒక పికప్, ఒక వాల్యూమ్, ఒక టోన్. ఇవాళ ఏ బేస్ మాస్టారైనా శిష్యులకు వినమని చెప్పే వాయింపు అలాంటి సరంజామాతో పుట్టింది.

అలాగని వాయిద్యం లెక్కలోకే రాదని కాదు. కొన్న వాయిద్యాన్ని సెటప్ చేయించకుండా వాయించి, అది బాగాలేదని అమ్మేసి, ఇంకోటి కొనేవాళ్లు నాకు చాలామంది తెలుసు. అట్టపెట్టె తెరిచిన రోజు బేస్ ఏదీ సరిగ్గా ఉండదు. ఎక్కడో ఫ్యాక్టరీలో బిగించిన నెక్, నెలల తరబడి కంటైనర్లో, గోడౌన్‌లో ఉండి వస్తుంది. కాకినాడ, విశాఖ వైపు తేమకి చెక్క ఒకలా వంగుతుంది, హైదరాబాద్ ఎండాకాలంలో ఇంకోలా. తీగలు ఫ్రెట్ల (నెక్ మీది లోహపు గీతల) మీద మరీ ఎత్తుగా ఉంటే ఎడమ చెయ్యి నొప్పి, మరీ కిందకుంటే టపటపమని చప్పుడు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ అడుగుకీ ఫ్రెట్‌కీ మధ్య సుమారు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) తిప్పాల్సి వస్తే ఒక్కసారికి పావు చుట్టుకన్నా తక్కువే తిప్పి, మళ్లీ శృతి చేసి, కాసేపు ఆగి చూడండి. బిగుసుకుపోయిందనిపిస్తే బలం ఉపయోగించకుండా తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

సెటప్ తర్వాత తీగలు. కోస్తా తేమకూ, చేతి చెమటకూ మామూలు రౌండ్‌వౌండ్ (పైచుట్టు గరుకుగా ఉండే) తీగలు త్వరగా మొద్దుబారతాయి. వాటిని విప్పి పది నిమిషాలు నీళ్లలో మరిగించి, పూర్తిగా ఆరబెట్టి మళ్లీ ఎక్కిస్తే కొన్నాళ్లు మెరుపు తిరిగొస్తుంది. ఇంట్లో అమ్మకి చెప్పి గిన్నె తీసుకోండి. ఫ్లాట్‌వౌండ్ ధర ఎక్కువే కానీ ఏళ్ల తరబడి వస్తాయి, వేళ్లు జారినప్పుడు కీచుమనవు. పాత మెలోడీలు, కీర్తనలు వాయించేవాళ్లకి నేను మొదట సూచించేది అవే. స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టి వాయించే పద్ధతి) వాయించాలనుకుంటే మాత్రం వాటి జోలికి వెళ్లొద్దు.

చేతులు చిన్నవైతే 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) ఉన్న బేస్‌తో కుస్తీ పట్టక్కర్లేదు. 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేసులు పిల్లల బొమ్మలేమీ కావు. పాల్ మెకార్ట్‌నీ చేతిలోని హాఫ్నర్ వయొలిన్ బేస్ ఆ జాతిదే.

అపోహ: యాక్టివ్ బేస్ అంటే పాసివ్ కన్నా ఒక మెట్టు పైన.

కాదు. యాక్టివ్ అంటే లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న ప్రీయాంప్ ఉందని, అంతే. 1976లో మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. బేస్, ట్రెబుల్ తగ్గించడమే కాక పెంచుకునే వీలూ ఉంటుంది. చవక యాక్టివ్ బేసుల్లో ఆ ప్రీయాంపే బలహీనమైన భాగం, ట్రెబుల్ కాస్త ఎత్తగానే సుయ్యిమంటుంది. అదే ధరకి దొరికే పాసివ్ బేస్‌లో సాధారణంగా పికప్, చెక్కపని మెరుగ్గా ఉంటాయి. యాక్టివ్ ఇప్పటికే మీ దగ్గర ఉంటే ఒకటి గుర్తుంచుకోండి: జాక్‌లో కేబుల్ పెట్టి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అయిపోగానే కేబుల్ పీకేయండి.

అపోహ: అయిదు తీగలు లేకపోతే మన పాటలు వాయించలేం.

ఇందులో సగం నిజం ఉంది. సినిమా పాటల్లో కీబోర్డ్ మీద వాయించిన బేస్ చాలాసార్లు ఇ కిందకి దిగుతుంది. గాయకుడి శృతి బట్టి పాట డి లోనో, సి లోనో పెడితే అడుగు సా మన నాలుగు తీగల్లో ఉండదు, పై స్థాయిలో వాయించాలి. స్టేజీ మీద అప్పటికప్పుడు "ఒక పాయింట్ దించండి" అంటే అయిదో తీగ ఉన్నవాడికి చేతి ఆకారం మారదు, పక్కకి జరిగితే చాలు. ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లు అయిదు తీగలది తీసుకుంటే నేను వద్దనను.

మొదటి వాయిద్యంగా మాత్రం వద్దంటాను. అడుగు బి తీగ మూల స్వరం సుమారు 31 హెర్ట్జ్. ఇంట్లో వాడే ఎనిమిది అంగుళాల స్పీకర్ యాంప్ దాన్ని పలికించదు. అందులో మీరు వినేది గుణిజాలనే. పైగా మీటని తీగల్ని ఆపడం బేస్ వాయింపులో సగం పని, తీగ ఒకటి పెరిగితే ఆ పని కూడా పెరుగుతుంది. డి ఒక్కటే కావాలంటే ఇ తీగని రెండు ఫ్రెట్ల మేర వదులు చేసుకుంటే 36.7 హెర్ట్జ్ డి వచ్చేస్తుంది, పైసా ఖర్చు లేకుండా.

అపోహ: బేస్ అని రాసి ఉన్న పెడల్ తప్ప వేరేది వాడకూడదు.

ట్యూనర్, డిలే, కంప్రెసర్ లాంటివి గిటార్‌వైనా హాయిగా పనిచేస్తాయి. తేడా వచ్చేది ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ దగ్గర. గిటార్ కోసం చేసిన ట్యూబ్ స్క్రీమర్ తరహా సర్క్యూట్‌ని దాదాపు 720 హెర్ట్జ్ కిందిదంతా తక్కువగా గరుకయ్యేలా కావాలనే కట్టారు. గిటార్‌కి అది వరం. బేస్ పెట్టి నొక్కితే బ్యాండ్‌లో అడుగు మాయమైనట్టు ఉంటుంది. అలాంటి పెడల్ మీ దగ్గర ఉంటే పారేయకండి. అసలు శబ్దాన్ని విడిగా పంపి దీనితో కలిపే బ్లెండర్ పెడల్ ఒకటుంటే సమస్య తీరిపోతుంది.

కోరస్ (శబ్దాన్ని అలలుగా వెడల్పు చేసే ఎఫెక్ట్), రివెర్బ్ (ప్రతిధ్వని) బేస్ మీద వాడొద్దనే వాళ్లున్నారు. నెమ్మది పాటలో, పై తీగల మీద కోరస్ అందంగా ఉంటుంది. హాల్‌లో మాత్రం రివెర్బ్ ఆపేయండి. ఫంక్షన్ హాల్ గోడలే కావలసినంత రివెర్బ్ ఇస్తాయి, మీరు డబ్బు పెట్టి కొనక్కర్లేదు.

పెడల్స్ గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ పట్టించుకోనిది కరెంటు. చాలా పెడల్స్‌కి 9 వోల్టుల, లోపల నెగెటివ్ ఉండే అడాప్టర్ కావాలి. ఇంట్లో ఉన్న రూటర్ అడాప్టర్ పట్టింది కదా అని పెట్టేస్తే పెడల్ కాలిపోవచ్చు, ముందు దాని మీది గుర్తు చూసుకోండి. ఒకే అడాప్టర్ నుంచి గొలుసుగా అన్నిటికీ ఇస్తే డిజిటల్ పెడల్ కీచు శబ్దం మిగతావాటిలోకి దూరుతుంది.

హమ్ (గుయ్యిమనే కరెంటు చప్పుడు) సంగతి ఇంకా ముఖ్యం. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్‌లో ఇ తీగ మూడో ఫ్రెట్ మీది జి స్వరం 49. అంటే ఎర్తింగ్ సరిగా లేని చోట వచ్చే హమ్ సరిగ్గా మన సామ్రాజ్యం మధ్యలో కూర్చుంటుంది. ఈక్వలైజర్‌తో కోసేద్దామంటే జి కూడా పోతుంది. డీఐ పెట్టె మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే మీట ఉంటుంది, ముందు అది నొక్కి చూడండి. హమ్ పోతుందని ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ పీకకండి. షామియానా కింద, జనరేటర్ కరెంటు మీద, ఒక చేతిలో తీగలు పట్టుకుని పెదవి మైక్‌కి ఆనించినప్పుడు కొట్టే షాక్ సరదాగా ఉండదు. ప్రాణాల మీదికి కూడా రావచ్చు. సౌండ్ అతనితో "అన్నా, నా లైనూ మైకుల లైనూ ఒకే కరెంటు బోర్డు మీద ఇవ్వు" అని ముందే అడగడం మర్యాదే.

అపోహ: మల్టీ ఎఫెక్ట్స్ చిన్నపిల్లలవి, అసలైనవాళ్లు విడి పెడల్స్ వాడతారు.

మల్టీ ఎఫెక్ట్స్ అంటే చాలా ఎఫెక్టులు ఒకే పెట్టెలో. జూమ్ బీ1 ఫోర్ లాంటి చిన్న పెట్టెలో ట్యూనర్, లూపర్, డ్రమ్ రిథమ్‌లు, హెడ్‌ఫోన్ జాక్ అన్నీ ఉన్నాయి. ఏ ఎఫెక్ట్ మీకు నిజంగా పనికొస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా చవక మార్గం లేదు. ఏడాది వాడాక ఏ ప్యాచ్ (సేవ్ చేసుకున్న శబ్దం అమరిక) తీయకుండా వాయిస్తున్నారో చూసుకోండి, ఆ ఒక్కటీ విడి పెడల్‌గా కొనండి.

అపోహ: సింథ్ బేస్ శబ్దం కావాలంటే సింథ్ పెడల్ కొంటే సరిపోతుంది.

ఇక్కడ కాస్త నిలబడాలి. సింథ్ (సింథసైజర్) అంటే శబ్దాన్ని కరెంటుతో పుట్టించే వాయిద్యం. సింథ్ బేస్ అంటే మనకి ఇష్టమైన శబ్దాలు చాలావరకూ కీబోర్డ్ మీద పుట్టినవే. 1970లో మినీమూగ్ సింథ్ వచ్చాక స్టీవీ వండర్, బెర్నీ వొరెల్ లాంటి కీబోర్డ్ వాయించేవాళ్లు బేస్ గిటార్ చేసే పనిని ఎడమ చేతిలోకి తీసుకున్నారు. 1981లో రోలాండ్ టీబీ-303 అనే చిన్న బేస్ సింథ్ వచ్చింది. బేసిస్ట్ దొరకని గిటారిస్టు ఒంటరిగా సాధన చేసుకోవడానికి తోడుగా ఉంటుందని దాన్ని అమ్మారు. బేస్ గిటార్‌లా అది పలకనే లేదు, 1984కల్లా ఆపేశారు. పాత సామాన్ల ధరకి దొరికినప్పుడు షికాగో కుర్రాళ్లు కొని, ఫిల్టర్ నాబ్ తిప్పుతూ ఏసిడ్ హౌస్ అనే సంగీతాన్నే పుట్టించారు. బేసిస్ట్‌కి బదులుగా పుట్టినది ఆ పనిలో ఓడిపోయి, ఇంకో పనిలో గెలిచింది. సింథ్‌ని బేస్ గిటార్‌కి నకలుగా కొనకూడదని నేను చెప్పేది ఇందుకే.

మరి పెడల్ సంగతి? మీటిన తీగ ఏ స్వరమో పెడల్ ముందు పోల్చుకోవాలి. 41 హెర్ట్జ్ స్వరం ఒక్క ఆవృత్తి పూర్తి కావడానికే సుమారు 24 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఆవృత్తి చూడకుండా ఏ యంత్రమూ స్వరం కచ్చితంగా చెప్పలేదు. అదే జి తీగ, 98 హెర్ట్జ్, అయితే పది మిల్లీసెకన్లు చాలు. అడుగు తీగ మీద సింథ్ పెడల్స్ నత్తనడక నడవడానికి, తడబడటానికి కారణం ఇది. పెడల్ ఎంత ఖరీదైనదైనా ఈ లెక్క మారదు. 1982లో వచ్చిన బాస్ కంపెనీ ఓసీ-2 లాంటి ఆక్టేవ్ పెడల్ (ఒక స్థాయి కింది స్వరం కలిపేది) కూడా అడుగు ఫ్రెట్లలో గుడగుడలాడుతుంది. ఒక్కసారికి ఒక్క స్వరమే దానికి అర్థమవుతుంది.

దీనికి వాయించేవాళ్ల దగ్గర ఉపాయం ఉంది. నెక్ మీద పైకి వెళ్లి, పన్నెండో ఫ్రెట్ పరిసరాల్లో వాయించండి. కిందకి దించే పని పెడల్‌కి వదిలేయండి. వరుసలో ఆక్టేవ్ లేదా సింథ్ పెడల్ అన్నిటికన్నా ముందుండాలి, గరుకు పెడల్స్ దాని తర్వాత. టోన్ నాబ్ కాస్త తగ్గించి, ప్రతి స్వరాన్నీ ఒకే బలంతో మీటి, మిగతా తీగల్ని నొక్కిపెట్టండి. ఆక్టేవ్, కాస్త ఫజ్ (గట్టి గరుకు), చివర్లో 1970ల్లో బేసిస్ట్ బూట్సీ కాలిన్స్ వాడినట్టుగా ఎన్వలప్ ఫిల్టర్ (మీటే బలాన్ని బట్టి 'వా' అనిపించే ఎఫెక్ట్). ఈ మూడూ కలిస్తే వచ్చేది నిజమైన సింథ్‌కి చాలా దగ్గరగా ఉంటుంది. ఈ మూడూ చవక మల్టీ ఎఫెక్ట్స్‌లోనే ఉంటాయి.

నిజంగా సింథే కావాలనుకుంటే చిన్నది చాలు. బేస్‌కి ఒక్కసారికి ఒకే స్వరం కావాలి, కాబట్టి మోనో సింథ్ తక్కువేమీ కాదు. 25 కీలు, ఆక్టేవ్ మార్చే బటన్ ఉంటే పని జరుగుతుంది. కోర్గ్ మోనోలాగ్, ఆర్టూరియా మైక్రోబ్రూట్ ఈ కోవలోవి. కోర్గ్ వోల్కా బేస్ ఆరు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది, దాని రిబ్బన్ కీల మీద వాయించడం కన్నా సీక్వెన్స్ రాసుకోవడం సుఖం. అవి కూడా వెంటనే వద్దు. ఇంట్లో రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 లాంటి కీబోర్డ్ ఉందా? అందులో సింథ్ బేస్ టోన్లు ఉంటాయి. కంప్యూటర్ ఉందా? సర్జ్ ఎక్స్‌టీ అనే సింథ్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, అలాంటిదే అయిన వైటల్‌కి ఉచిత రూపం ఉంది. వాటితో నెలరోజులు ప్యాచ్‌లు కట్టి చూడండి.

ప్యాచ్ కట్టడం భయపడాల్సిన పని కాదు. ఒక సా-టూత్ ఆసిలేటర్ (శబ్దాన్ని పుట్టించే భాగం), దాని కింద ఒక స్థాయి దించిన స్క్వేర్. లో-పాస్ ఫిల్టర్ (పై స్వరాల్ని కోసేది) బాగా మూసి, ఫిల్టర్ ఎన్వలప్ డికే రెండు మూడు వందల మిల్లీసెకన్లు, సస్టెయిన్ తక్కువ. మోనో, లెగాటో ఆన్. స్టీరియో వైడ్‌నింగ్, రివెర్బ్ ఆఫ్. ఇక్కడి నుంచి ఫిల్టర్ కటాఫ్ ఒక్కటే తిప్పుతూ పాటకి సరిపోయే చోటు వెతకండి. ఫ్యాక్టరీ ప్యాచ్‌లు దుకాణంలో ఆకట్టుకోవడానికి తయారైనవి. వాటిలో వెడల్పు, మెరుపు ఎక్కువ, బ్యాండ్‌లో పెడితే అందరినీ తొక్కేస్తాయి.

అపోహ: కీబోర్డ్ ఎడమ చెయ్యీ, బేస్ గిటారూ కలిస్తే శబ్దం నిండుగా ఉంటుంది.

నిండుగా ఉండదు, బురదగా ఉంటుంది. ఒకే మంద్ర స్వరాన్ని ఇద్దరు వాయిస్తే, శృతిలో వెంట్రుకవాసి తేడా ఉన్నా శబ్దం అలలా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. అదే ప్రాంతంలో కిక్ డ్రమ్మో, ప్యాడ్ మీది తబలా బాయానో కూడా ఉంటుంది. మన దగ్గర చర్చిల్లోనూ ఆర్కెస్ట్రాల్లోనూ కీబోర్డ్ వాయించే మాస్టారే పెద్ద. బేసిస్ట్ లేని రోజుల్లో అడుగు మోసిన మనిషి ఆయన, ఎడమ చెయ్యి దానంతట అదే కిందకి వెళ్తుంది. కాబట్టి అడిగే తీరు ముఖ్యం: "మాస్టారూ, ఈ పాటకి ఎడమ చెయ్యి ఒక ఆక్టేవ్ పైకి పెడతారా, బేస్ నేను చూసుకుంటాను." ఆయన స్టైల్స్ (కీబోర్డ్ తనంతట తాను వాయించే తోడు వాద్యాలు) వేసి వాయిస్తుంటే, చాలా కీబోర్డుల్లో స్టైల్‌లోని బేస్ భాగాన్ని విడిగా ఆపే వీలుంటుంది. ఆ బటన్ ఎక్కడుందో మీరే తెలుసుకుని వెళ్లండి. పెడల్ కొనడానికి పెట్టే డబ్బుకన్నా ఈ ఒక్క సంభాషణ మీ శబ్దాన్ని ఎక్కువ మారుస్తుంది.

అపోహ: గిటార్ యాంప్‌లో బేస్ పెడితే పేలిపోతుంది.

గదిలో తక్కువ వాల్యూమ్‌లో ఏమీ కాదు. పెంచితే స్పీకర్ కోన్ చిరిగే ప్రమాదం ఉంది. వాట్ల గురించి ఒక్క మాట: 15 వాట్ల యాంప్ బదులు 30 వాట్లది కొంటే రెట్టింపు శబ్దం రాదు, మూడు డెసిబెల్స్ పెరుగుతుంది, అది చెవికి కొంచెమే. నిజం డ్రమ్స్ పక్కన నిలబడాలంటే రెండు మూడు వందల వాట్లు, పెద్ద క్యాబినెట్ కావాలి. అంత పెట్టలేకపోతే యాంప్ ఆలోచనే మానేసి డీఐ నుంచి మిక్సర్‌లోకి వెళ్లండి.

అపోహ: సెకండ్ హ్యాండ్ అంటే ఎవరి తలనొప్పో కొనుక్కోవడమే.

బేస్ విషయంలో నేను సెకండ్ హ్యాండ్‌కే ఓటేస్తాను. కొత్తది మానేసి పాతది కొంటే మిగిలే డబ్బుతో సెటప్, తీగలు రెండూ వచ్చేస్తాయి. నెక్‌ని చివరి నుంచి ఒక కన్ను మూసి చూడండి, మెలి తిరిగి ఉంటే వదిలేయండి. ప్రతి ఫ్రెట్ మీదా ప్రతి తీగా మోగించండి. నాబ్ తిప్పితే గరగరమనడం దోషం కాదు, కాంటాక్ట్ క్లీనర్ కొడితే సాధారణంగా పోతుంది.

పాత సింథ్ అయితే ఇంకాస్త జాగ్రత్త. అన్ని కీలూ మెల్లగా, గట్టిగా నొక్కి చూడండి. అసలు అడాప్టర్ అడిగి తీసుకోండి, పోయిందంటే ధర తగ్గించమనండి. యమహా డీఎక్స్7 లాంటి 1980ల కీబోర్డుల్లో ప్యాచ్‌లు గుర్తుంచుకోవడానికి లోపల బిళ్ల బ్యాటరీ ఒకటి సోల్డర్ చేసి ఉంటుంది, అది అయిపోతే ప్యాచ్‌లన్నీ పోతాయి. అమ్మేవాళ్లనే ఒక ప్యాచ్ మార్చి సేవ్ చేసి, స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, అయిదు నిమిషాలాగి మళ్లీ వేసి చూపించమనండి. మార్చింది అలాగే ఉంటే బ్యాటరీలో ఇంకా ప్రాణం ఉన్నట్టే. లేకపోతే బ్యాటరీ మార్పించే ఖర్చు తీసేసి బేరం మొదలుపెట్టండి.